ఎనిమిది-ఏ

పింఛను డబ్బుల్తో రెండు గదుల ఇల్లు వస్తదనుకున్న.
పడవ వచ్చింది.
క్లబ్బువాళ్ళు వేలంల వదిలించుకున్న పాత తెరచాప పడవ,
పదహారడుగుల పొడవు, అడుగున మూడు మాసికలు,
ముక్కు మీద ఆయన చేత్తో రాసిన పేరు: ఎనిమిది-ఏ.
ముప్పయ్యొక్క ఏండ్లు సికింద్రాబాదుకీ చార్మినారుకీ మధ్య
టికెట్లు చింపిన మనిషికి
ఇంకో పేరు తోచలేదట.

పెనిమిటి పేరు పలకొద్దంటరు.
ఆ కట్టుబాటు నేల మీదిది.
నీళ్ళ మీద పిలుస్త:
ఎల్లేశం, తాడు విడువు.

ముందటి దిక్కు బియ్యం డబ్బా, స్టవ్వు. నడుమ పరుపు.
ఒకరు ఒత్తిగిలితే ఇల్లంతా ఒత్తిగిలుతది.
అలిగి పోయి కూచుందామంటే ఇంకో అర్ర లేదు,
అందుకని సగం కోపాలు మానేసినం.
మిగిలిన సగం ట్యాంక్‌బండ్ మీద తీర్చుకొని వస్తం.

మేం సముద్రం చూడలే, ఇద్దరం.
మా సాగరానికి ఉప్పు లేదు, పోటు లేదు,
వాసన మాత్రం ఉంది.
మొదటి నెల ముక్కుకి కొంగు.
రెండో నెల దించిన.
మూడో నెల, పెద్ద వాన కడిగిన పొద్దున
వాసన రాకపోతే
ఎవరో ఊరికి పోయినట్టు అనిపించింది.

బుద్ధుడు నిలబడ్డ రాయి అందరి దీవి,
అక్కడికి లాంచీలు పోతయి, టికెట్టు ఉంటది.
టికెట్టు ఉన్నచోటికి ఎల్లేశం పోడు.
మా దీవులు వేరే.
గుర్రపుడెక్క రాత్రికి రాత్రి తేలొచ్చి నేలైతది,
దాని మీద ఒక జత నీటికోళ్ళు కాపురం పెడతయి,
తెల్లారేసరికి గాలి మళ్ళి
గుడ్లతో సహా నెక్లెస్ రోడ్డు దిక్కు వెళ్ళిపోతది.
పాత వే-బిల్లుల వెనక ఆయన పటం గీస్తడు.
రోజుకొకటి. నిన్నటిది చెల్లదంటడు.
నిమజ్జనమైన వారానికి ఒక దీవి దొరికింది,
వెదురు బద్దలు, గడ్డి, ఒక చెయ్యి,
ఆ చేతిల ఇంకా లడ్డూ.
దాని మీద దిగలే.
పడవలనే చెప్పులు విడిచి, పక్క నుంచి పోయినం.

ఆ యేడు బతుకమ్మ పోయినంక కూడ వాన పోలే.
మా ఆడబిడ్డ ఇంద్రమ్మది పాలకుంట కాలనీ.
పేర్లనే కుంట ఉంది,
ప్లాట్లు కొన్ననాడు ఎవరూ చదువుకోలే.
కుంట తన పాత అడ్రసుకి తిరిగొచ్చింది,
తాళంచెవి అడగకుండ.

ఇటుకల లారీ మీద పడవని ఎక్కించినం.
తెరచాప, కొయ్య, రెండూ క్లబ్బు వాచ్‌మన్‌కి అప్పజెప్పినం,
కరెంటు తీగల కింద వాటితో ఏం పని?
వెదురుతో తోసుకుంట, అడుగున కార్ల నెత్తులు గీరుకుంట
మూడో లైన్ల మలిగినం.

ప్రతి డాబా ఒక దీవి.
ఒకదాని మీద ముగ్గురు పిల్లలు, ఒక కుక్క, క్యారం బోర్డు.
ఇంకోదాని మీద ఖుర్షీద్ బీ, ఎనభై ఏండ్లుంటయి,
పాల ప్యాకెట్లు అందిస్తే
"చాయ్ తాగకుండ ఎట్ల పోతరు?" అంది.
పిట్టగోడకి పడవ కట్టి తాగినం.
చక్కెర తక్కువైంది. చెప్పలే.

పడవల కాపురమేంది, పరువు తీస్తున్రని
ఇంద్రమ్మ మాతో మూడేండ్లు మాట్లాడలే.
నీళ్ళ ట్యాంకు నీడన కూచుంది,
ఒళ్ళె ఇంటి కాగితాలు, పెరుగు కవర్ల చుట్టి.
కాలు పెట్టింది. మూడేండ్లకి ఒక్క మాట:
"ఊగుతుంది."
వెనక ఖుర్షీద్ బీ, పిల్లలు, కుక్క ఎక్కుతుంటె
ఎల్లేశం గొంతు ఎక్కడి నుంచి తీసిండో,
"జరగండి, లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది!"
ఖాళీ ఎక్కడిది, నవ్వొచ్చింది నాకు,
ఆ నీళ్ళల్ల, ఆ వాసనల.

మాసికలిప్పుడు నాలుగు. ఎవరి గేటు మొనదో.
పాలకుంట ఆరింది, డాబాల కిందికి రోడ్లు మళ్ళొచ్చినయి.
ఐతారం ఐతారం ఇంద్రమ్మ వస్తది,
అంచు గట్టిగ పట్టుకొని కూచుంటది.
నిన్నటిది చెల్లదనే మనిషి
ఆనాటి వే-బిల్లు ఒక్కటి పారెయ్యలే.
బియ్యం డబ్బా అడుగున ఉంది,
వండినప్పుడల్లా నా చేతికి తగుల్తది.